కామిక్స్ గీసే చేతికి కెమెరా దొరికితే: బ్లెండర్ గ్రీజ్ పెన్సిల్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. ఏళ్ళ తరబడి కామిక్స్ వేసి వేసి ఇప్పుడు ఆ బొమ్మలతోనే ఒక చిన్న సినిమా తీద్దామని మనసు పీకుతున్న వాళ్ళకి బ్లెండర్‌లో ఉన్న గ్రీజ్ పెన్సిల్ కంటే పనికొచ్చేది నాకైతే కనపడలేదు. ఫ్రీ కాబట్టి ఈ మాట చెప్పట్లేదు, ఫ్రీవి బోలెడున్నాయి. బొమ్మ గీసే చోటు, కెమెరా పెట్టే చోటు, షాట్లు పక్కపక్కన పేర్చి సౌండ్ తగిలించి చూసుకునే చోటు, ఈ మూడూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉండటం అసలు కారణం. అలాగని ఓపెన్ చెయ్యగానే నచ్చేస్తుందని ఆశ పెట్టుకోకండి, ఓపెన్ చెయ్యగానే కనపడేవి బటన్లు, వాటి పక్కన ఇంకొన్ని బటన్లు, వాటి కింద మడిచి పెట్టిన మరికొన్ని బటన్లు.

తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. బ్లెండర్ అసలు 3డీ సాఫ్ట్‌వేర్. 2002లో జనం దగ్గర లక్ష యూరోలు పోగుచేసి దాని కోడ్‌ని అందరిదీ చేసేశారు, అప్పట్నుంచీ ఎవరైనా వాడుకోవచ్చు, దాంతో తీసిన సినిమా అమ్ముకోవచ్చు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. గ్రీజ్ పెన్సిల్ అందులో ఒక భాగం, మొదట్లో 3డీ వాళ్ళు స్క్రీన్ మీద "ఈ చెయ్యి కొంచెం పైకి" అని గీతలు పెట్టుకుని నోట్స్ రాసుకోడానికి పెట్టింది. 2019 జులైలో 2.80 వెర్షన్ వచ్చాక అది పూర్తి స్థాయి 2డీ డ్రాయింగ్ అయ్యింది, 2024 నవంబర్లో 4.3 వెర్షన్‌లో లోపల కోడంతా మళ్ళీ రాశారు. ఇది పెద్ద సినిమాకి ఆగుతుందా అని డౌటుంటే, 2019లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ క్రిటిక్స్ వీక్‌లో గ్రాండ్ ప్రైజ్ కొట్టిన ఫ్రెంచ్ సినిమా 'ఐ లాస్ట్ మై బాడీ' బ్లెండర్‌లో 3డీ చేసుకుని దాని మీద గ్రీజ్ పెన్సిల్‌తో గీతలు గీసి తీసిందే. ఆ మధ్య ఆస్కార్ కొట్టిన పిల్లి సినిమా 'ఫ్లో' కూడా బ్లెండరే కదా అంటారు, నిజమే, కానీ అది పూర్తిగా 3డీ, మన గోల వేరు.

కామిక్ ఆర్టిస్టులు సినిమాలోకి దూకడం ఈనాటిది కాదు. విన్సర్ మెకే అని, అమెరికాలో పేపర్లకి రంగుల కామిక్ పేజీలు వేసి పెద్ద పేరు తెచ్చుకున్నాయన, 1911లో తన క్యారెక్టర్లతోనే మొదటి యానిమేషన్ తీశాడు, సుమారు 4,000 బొమ్మలు, అన్నీ చేత్తోనే. 1914లో గెర్టీ అనే డైనోసార్‌ని ఆడించేసరికి లెక్క 10,000 దాకా పోయింది. వెనక కొండలూ రాళ్ళూ ఒక్కసారి గీసి పెట్టుకుని ముందు బొమ్మ మాత్రం మార్చే ట్రాన్స్‌పరెంట్ షీట్ల పద్ధతి ఆయన చేతికి ఇంకా రాలేదు కాబట్టి ప్రతి కాగితం మీదా ఆ కొండలు మళ్ళీ మళ్ళీ గీయాల్సిందే, ఆ పనికే ఒక అసిస్టెంటుని పెట్టుకున్నాడు. ఇప్పుడా సినిమా చూస్తే డైనోసార్ కదలకుండా నిలబడ్డప్పుడు కూడా వెనక గీతలు సన్నగా వణుకుతూ ఉంటాయి. తమాషా ఏంటంటే అప్పుడు తప్పక వచ్చిన ఆ వణుకు ఇప్పుడు అందరికీ ముద్దొస్తోంది, గ్రీజ్ పెన్సిల్‌లో నాయిస్ అని ఒక మాడిఫైయర్, అంటే గీసిన బొమ్మ మీద తగిలించే ఎఫెక్ట్, ఉంది, అది తగిలిస్తే కదలని బొమ్మకి కూడా ఆ వణుకు వచ్చేస్తుంది, ఎంత కావాలో మనమే తిప్పుకోవచ్చు. మెకే చూస్తే ఏమనేవాడో!

తర్వాత కూడా చాలామంది వచ్చారు. కత్సుహిరో ఒటోమో తన మాంగానే, అంటే జపాన్ కామిక్‌నే, 1988లో తనే సినిమాగా తీశాడు, ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన సతోషి కోన్ 1997లో మొదటి సినిమా డైరెక్ట్ చేశాడు, మర్జాన్ సత్రపి తన జీవితం మీద వేసిన కామిక్‌ని 2007లో ఇంకో కామిక్ ఆర్టిస్టుతో కలిసి సినిమా చేసి కాన్స్‌లో జ్యూరీ ప్రైజ్ పట్టుకెళ్ళింది. మన బాపు గారు యానిమేషన్ కాదు గానీ, కార్టూన్లూ కథలకి బొమ్మలూ వేస్తూనే 1967లో డైరెక్టర్ అయ్యారు, షూటింగ్‌కి ముందే సీన్లు బొమ్మలుగా వేసుకునేవారు. వీళ్ళెవరూ తమ ప్యానెళ్ళని, అంటే కామిక్ పేజీలో ఒక్కో బొమ్మ ఉండే గడుల్ని, ఉన్నవి ఉన్నట్టు కదిలించి ఊరుకోలేదు. ఈ సాఫ్ట్‌వేర్‌ని నేను కొలిచేది కూడా అక్కడే. బొమ్మ ఎంత నున్నగా వస్తోంది అన్నది నాకు రెండో విషయం. గీసేవాడికి గీయడం వచ్చు, రానిది టైము. టైము నేర్చుకోడానికి ఇది ఎంత సాయం చేస్తోంది అన్నదే ప్రశ్న.

కొంచెం విడమర్చి చెప్తా. కామిక్‌లో టైము పాఠకుడి చేతిలో ఉంటుంది. మనం ప్యానెల్ పెద్దది చేసి ఆపుతాం, చిన్న చిన్నవి పేర్చి పరిగెత్తిస్తాం, పేజీ చివర ఏదో పెట్టి తిప్పిస్తాం, కానీ ఎంతసేపు ఆగాలో చివరికి వాడి ఇష్టం. మూడు ప్యానెళ్ళు ఊహించుకోండి. ఒకడు తలుపు గొళ్ళెం మీద చెయ్యేశాడు. తలుపు తెరుచుకుంది, లోపల ఖాళీ కుర్చీ. వాడి మొహం. పేజీ మీద ఇది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే పాఠకుడు కుర్చీ చూసి, మొహం దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి కుర్చీ చూస్తాడు, అప్పుడు ఎక్కుతుంది అందులో ఉండాల్సిన మనిషి లేడని. సినిమాలో వెనక్కి రాలేడు కదా! అవే మూడు బొమ్మల్ని తలో 24 ఫ్రేములు, అంటే తలో సెకను పెట్టి ప్లే చేస్తే స్లైడ్ షోలా చప్పగా ఉంటుంది. అదే గొళ్ళెం బొమ్మని 40 ఫ్రేములు లాగి, కుర్చీని 18 ఫ్రేములే చూపించి టక్కున కట్ చేసి, మొహం మీద 50 దాకా ఉంచితే, చూసేవాడికి "నేను సరిగ్గా చూశానా?" అన్న అనుమానం వస్తుంది, తెర మీద మొహంలో కూడా అదే అనుమానం ఉంటుంది. ఇక అక్కడి నుంచి మళ్ళీ కుర్చీకి కట్ చేస్తే, పేజీ మీద పాఠకుడి కన్ను దానంతటది చేసిన పనే ఇక్కడ మనం కట్టుతో చేసినట్టు. ఒక్క కొత్త బొమ్మ కూడా గీయలేదు, గమనించండి.

ఈ ఆట గ్రీజ్ పెన్సిల్‌లో ఆడుకోడానికి చాలా వీలుగా ఉంది. ప్రతి బొమ్మా కింద టైమ్‌లైన్ మీద ఒక చుక్క, తర్వాతి చుక్క వచ్చేదాకా ఆ బొమ్మ అలాగే నిలబడుతుంది. చుక్కని పట్టుకుని అటో ఇటో జరపడం, స్పేస్‌బార్ నొక్కి చూడటం, మళ్ళీ జరపడం, అంతే. షాట్లు ఎక్కువైతే ఒక్కో షాటుని ఒక్కో సీన్‌గా పెట్టుకుని అన్నింటినీ బ్లెండర్‌లోనే ఉన్న ఎడిటింగ్ చోటు, వీడియో సీక్వెన్సర్‌లో వరసగా పేర్చుకోవచ్చు, షాటు లోపల బొమ్మ మారిస్తే సీక్వెన్సర్‌లో కూడా మారిపోతుంది, ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో ఎడిటింగ్ యాప్‌లోకి తెచ్చుకుని మళ్ళీ వెనక్కి పోయే తలనొప్పి లేదు. సినిమా వాళ్ళు యానిమాటిక్ అనే ముడి వెర్షన్ ఇదే, బొమ్మలు కోడిగీతల్లా ఉన్నా సరే నిడివీ కట్లూ సౌండూ మాత్రం నిజమైనవి ఉండాలి. కామిక్ వేసేవాళ్ళకి ఇక్కడ ఒక జబ్బుంటుంది, గీత బాగోలేకపోతే చెయ్యి ఆగదు, యానిమాటిక్‌లోనే జుట్టుకి షేడింగ్ మొదలెడతారు. ఆ షాట్ ఎడిటింగ్‌లో ఎగిరిపోతే షేడింగ్ కూడా దాంతో పాటే పోతుంది. డైలాగులు కూడా బెలూన్‌లో రాసుకున్నట్టు ఊహించుకోవద్దు, ఫోన్లో మీ గొంతుతోనే చదివి రికార్డ్ చేసి టైమ్‌లైన్ కింద పెట్టండి. బెలూన్‌లో ముచ్చటగా ఉన్న మూడు లైన్ల డైలాగు నోటితో చెప్తే ఎంత సాగుతుందో వింటే మీకే కత్తెర తియ్యాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక సెట్టింగ్ గురించి చెప్పకపోతే రివ్యూ రాసి దండగ. ప్లేబ్యాక్ మెనూలో సింక్ అని ఉంటుంది. అందులో ప్రతి ఫ్రేమూ ప్లే చెయ్యి అనే ఆప్షన్ ఉంటే, కంప్యూటర్ కొంచెం ఆయాసపడగానే ఒక్క ఫ్రేమూ వదలకుండా నిదానంగా ఆడిస్తుంది, అంటే రెండు సెకన్ల షాటు మూడు సెకన్లు ఆడుతుంది, మనం అదే నిజమనుకుని ఇంకా కత్తిరిస్తాం, ఫైనల్ రెండర్, అంటే చివర్న కంప్యూటర్ తయారుచేసిచ్చే సినిమా, చూస్తే అందరూ పూనకం వచ్చినట్టు కదుల్తుంటారు. సింక్ టు ఆడియో గానీ ఫ్రేమ్ డ్రాపింగ్ గానీ పెట్టుకోండి, మధ్యలో ఫ్రేములు ఎగిరినా పర్లేదు, టైము మాత్రం నిజం చెప్తుంది. స్క్రీన్ పైన మూల ఫ్రేమ్ రేటు అంకె ఎర్రగా మారిందంటే అప్పుడు చూస్తున్న స్పీడుని నమ్మొద్దని అర్థం. అలాగే స్క్రబ్బింగ్ అని ఇంకో టిక్ ఉంటుంది, అది పెడితే టైమ్‌లైన్ మీద కర్సర్ జరుపుతున్నప్పుడు సౌండ్ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, పెదాలు కలపడానికి అది లేకపోతే చీకట్లో తడుముకోవడమే.

ఇక కెమెరా. నన్ను అడిగితే ఈ సాఫ్ట్‌వేర్‌కి దండం పెట్టాల్సింది ఇక్కడే. మిగతా 2డీ యాప్‌లలో చాలావాటికి కెమెరా అంటే కాగితం మీద జూమ్ చేసే చతురస్రం. ఇందులో అది నిజంగా గదిలో నిలబడ్డ కెమెరా, లెన్స్ మార్చుకోవచ్చు, కిందకి వంగి చూడొచ్చు. ముందున్న కిటికీ చట్రం ఒక ఆబ్జెక్ట్, మనిషి ఒకటి, వెనక వీధి ఒకటి, ఇలా విడివిడిగా గీసి ఒకదాని వెనక ఒకటి దూరందూరంగా నిలబెట్టి కెమెరాని పక్కకి జరిపితే చట్రం గబగబా, వీధి నెమ్మదిగా జరుగుతుంది, మన ఫ్లాట్ బొమ్మకి ఒక్కసారిగా గాలి ఆడినట్టుంటుంది. కామిక్‌లో లోతు చూపించడానికి ముందున్నవాటికి లావు గీత, వెనకున్నవాటికి సన్న గీత వేసేవాళ్ళం కదా, అది కూడా మానక్కర్లేదు, రెండూ కలిస్తే ఇంకా బాగుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ గీయడం విసుగైన వాళ్ళకి లైన్ ఆర్ట్ అని ఉంది, మెట్లూ బీరువాలూ లాంటివి మొద్దుగా 3డీలో పెట్టేస్తే వాటి అంచుల్ని అదే గీతలుగా తీసి ఇస్తుంది. గీతలు మరీ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి, వాటి మీద చేత్తో ఒకసారి పోతే సరి.

కానీ ఈ కెమెరా సుఖం వెనకే రెండు గోతులున్నాయి. ఒకటి, మనం గీస్తున్న గీత ఏ తలం మీద పడుతోందో చూసుకోవాలి. పైన డ్రాయింగ్ ప్లేన్ ఆప్షన్‌లో ఫ్రంట్ అని ఉంటే ఎప్పుడూ ఎదురుగా ఉన్న తలం మీదే పడుతుంది, వ్యూ అని ఉండి పొరపాటున వ్యూ తిప్పేసి గీస్తే ముక్కు ఒక దిక్కున, కళ్ళు ఒక దిక్కున గాల్లో వేలాడతాయి, కెమెరాలోంచి చూస్తే ఒక్కోసారి తేడా తెలీదు, కెమెరా కదిలినప్పుడు బయటపడుతుంది. రెండోది, కెమెరాకి రెండు చోట్ల కీఫ్రేమ్ పెడితే, అంటే ఈ ఫ్రేములో ఇక్కడ ఉండు అని గుర్తు పెడితే, మధ్య కదలికని అదే మెత్తగా మొదలెట్టి మెత్తగా ఆపుతుంది. మొదటి షాటుకి భలే ఉంటుంది, పది షాట్లకీ అదే మెత్తదనం ఉంటే సినిమా అంతా నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటుంది. కోపంగా తిరిగే చోట లీనియర్, అంటే మొదట్నుంచి చివరిదాకా ఒకే స్పీడు, పెట్టండి, అసలు చాలా చోట్ల కెమెరాని కదపకండి. కదపడం వచ్చింది కదా అని కదిపితే చూసేవాళ్ళకి తెలిసిపోతుంది.

గీత విషయానికొస్తే, ఇది వెక్టర్, అంటే ప్రతి గీతా చుక్కల వరస, పెన్ నొక్కుడుని బట్టి మందం. గీసేశాక కూడా స్కల్ప్ట్ మోడ్‌లోకి వెళ్ళి దవడని కొంచెం లోపలికి తొయ్యొచ్చు, కనుబొమ్మ పైకి లాగొచ్చు, చెరిపి మళ్ళీ గీసే పని లేదు. మల్టీఫ్రేమ్ ఎడిటింగ్ అని ఒకటుంది, ఒక షాటులో ముక్కు కాస్త పెద్దదైపోయిందని ఆఖర్న అనిపిస్తే అన్ని ఫ్రేముల్నీ ఒకేసారి ఎంచుకుని తగ్గించొచ్చు, చేత్తో గీసే రోజుల్లో ఆ ఒక్క ముక్కుకి షాట్ మొత్తం పారేయాల్సొచ్చేది. రెండు బొమ్మల మధ్యవి అదే గీసే ఇంటర్‌పొలేట్ కూడా ఉంది, కనురెప్ప వాలడం, జడ ఊగడం లాంటి వాటికి బాగా పనిచేస్తుంది, రెండు బొమ్మల్లో గీతల సంఖ్య, వరస ఒకేలా ఉంటేనే సుమా. తల పూర్తిగా పక్కకి తిరిగే చోట దాని మీద ఆధారపడితే మధ్యలో మొహం ముద్దైపోతుంది, అక్కడ చేత్తోనే గీయాలి, తప్పదు.

బాగోలేనివి కూడా చెప్పాలి కదా. రంగు నింపే ఫిల్ టూల్ కామిక్ వాళ్ళ ఓపికకి పరీక్ష, గీతలో సన్న సందుంటే రంగు బయటికి పోతుంది, సందులు మూసే ఆప్షన్లున్నాయి గానీ ఒక బొమ్మకి కుదిరిన సెట్టింగ్ ఇంకో బొమ్మకి కుదరదు. వాటర్‌కలర్, ఇంక్ వాష్, పొడి బ్రష్ లాంటి స్టైల్ మీదైతే ఇది మీది కాదు, వెక్టర్ గీతకి టెక్స్చర్ అంటించినా అది అంటించినట్టే ఉంటుంది, కాగితంలోకి ఇంకినట్టు ఉండదు. నల్లని ఇంకు, చదునైన రంగులు, బలమైన గీతలు వేసేవాళ్ళకి మాత్రం బంగారం. ఇంకో చిన్న విషయం, మామూలు 3డీ ఫైల్‌లో మొదలెడితే తెల్ల కాగితం బూడిద రంగులో, రంగులన్నీ ఉతికి ఆరేసినట్టు కనిపిస్తాయి, కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ని స్టాండర్డ్ చెయ్యండి. అసలు కొత్త ఫైల్ తెరిచేటప్పుడే 2డీ యానిమేషన్ టెంప్లేట్ ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు, పైగా తెల్ల కాగితం ఎదురుగా ఉంటే కామిక్ వాళ్ళకి ప్రాణం కుదుటపడుతుంది.

నేర్చుకోడానికి కోర్సులు బోలెడు. డబ్బు కట్టి ఒకటి తీసుకున్నా, పేరు చెప్పను, గంటలకి గంటలు ఏ బటన్ ఏం చేస్తుందో చెప్పి, చివర్న ఒక బంతి ఎగరేసి సర్టిఫికెట్ ఇచ్చేశారు. షాట్ ఎందుకు కట్ చేస్తారో ఒక్క ముక్క లేదు. దానికంటే మీకు నచ్చిన సినిమాలో ఒక నిమిషం తీసుకుని, ప్రతి షాటూ ఎన్ని ఫ్రేములుందో లెక్కపెట్టి, ఒక్కో షాటుకి ఒక్కో పుల్లబొమ్మ గీసి అదే టైమింగ్‌తో టైమ్‌లైన్‌లో పేర్చి చూడండి. బటన్లు దానంతటవే వచ్చేస్తాయి, కట్ గురించి కూడా తెలుస్తుంది.

వేరేవాటితో పోలిక అడుగుతారని తెలుసు. బొమ్మలు గీసే యాప్ క్లిప్ స్టూడియో చాలామంది కామిక్ వాళ్ళ చేతిలో ఇప్పటికే ఉంది, గీయడంలో దాని సుఖం దీనికి రాదు, ఒప్పుకుంటా, అయితే ప్రో వెర్షన్‌లో యానిమేషన్ 24 ఫ్రేముల దగ్గర ఆగిపోతుంది, సినిమా తియ్యాలంటే ఈఎక్స్ అనే పై వెర్షన్ తీసుకోవాలి. ఓపెన్‌టూన్జ్ కూడా ఫ్రీ, 2016లో ఓపెన్ సోర్స్ అయ్యింది, దాని మూల సాఫ్ట్‌వేర్‌ని జపాన్ యానిమేషన్ స్టూడియో జిబ్లీ వాడింది, కాగితం మీద గీసి స్కాన్ చేసే అలవాటున్న వాళ్ళు అటు వెళ్ళండి. క్రిటా అనే ఇంకో ఫ్రీ యాప్‌లో పెయింటింగ్ హాయి, పొడుగు షాట్లకి నేను వాడను. కెమెరా కావాలి, ఎడిటింగ్ అక్కడే కావాలి అంటే మళ్ళీ తిరిగి బ్లెండరే.

మొదలెట్టే ముందు ఒక్క లెక్క వేసుకోండి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు, మూడు నిమిషాల సినిమా అంటే 2,160. కామిక్ అయితే అన్ని బొమ్మల్లో ఒక లావుపాటి పుస్తకం వచ్చేస్తుంది. కాబట్టి ఎక్కడ కదలక్కర్లేదో ముందు తేల్చుకోండి, వినేవాడి మొహం కదలకుండా కళ్ళొక్కటే ఆర్పినా షాట్ నిలబడుతుంది, మన దగ్గర బొమ్మని నిలబెట్టే విద్య ఉండనే ఉంది కదా.

రెండర్ చేసేటప్పుడు నేరుగా వీడియో ఫైల్‌గా కాకుండా ఒక్కో ఫ్రేమూ ఒక్కో పీఎన్‌జీ బొమ్మ ఫైల్‌గా, వరసగా తీసుకోండి, మధ్యలో కరెంటు పోయినా సిస్టమ్ హ్యాంగ్ అయినా అప్పటిదాకా వచ్చినవి పోవు, ఆగిన ఫ్రేమ్ నుంచి మళ్ళీ మొదలెట్టొచ్చు. ఆ వరసని సీక్వెన్సర్‌లోకి తెచ్చి సౌండ్ కలిపి వీడియో చెయ్యడం కొద్ది నిమిషాల పని. కొత్తగా దించుకునేవాళ్ళు 4.3 గానీ దాని తర్వాతి వెర్షన్ గానీ తీసుకోండి, అంతకు ముందు వెర్షన్ల మీద చేసిన ట్యుటోరియల్స్‌లో మెనూలు వేరేగా ఉంటాయి, వీడియో తేదీ చూసుకుని మొదలెట్టండి.